జొన్న రొట్టె తింటే నియాసిన్ లోపం వస్తుందా? అమ్మగారి మెడ నల్లబడటం గురించి సందేహం

ప్రశ్న: హన్మకొండ వాసి

మా అమ్మగారికి అరవై దాటాయి; నర్సంపేట దగ్గర ఊళ్లో ఉంటారు. షుగర్ బయటపడినప్పటి నుంచి అన్నం మానేసి, రెండు పూటలా జొన్న రొట్టె గానీ జొన్న గట్క గానీ తింటున్నారు. పక్కన పచ్చి పులుసో, ఇంత పచ్చడో ఉంటే ఆమెకు చాలు. ఈమధ్య మెడ వెనుక నల్లబడటం చూసిన బంధువు ఒకరు, జొన్నల వల్ల నియాసిన్ అనే బి3 విటమిన్ తగ్గి పెల్లాగ్రా అనే, చర్మం నల్లబడే జబ్బు వస్తుందని భయపెట్టారు. అంతటితో ఊరుకోక, అమెరికా నుంచి తెచ్చిన 500 మిల్లీగ్రాముల నియాసిన్ బిళ్లల సీసా చేతిలో పెట్టి, కొలెస్ట్రాల్‌కు కూడా మంచిదని చెప్పి వెళ్లారు. జొన్నలు మానిపించాలా? బిళ్లలు వేయవచ్చా?

జవాబు: విశ్రాంత జీవశాస్త్ర అధ్యాపకుడు, కాజీపేట

మీ బంధువు మాట పూర్తిగా గాలి కబురు కాదు. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకంఠయ్య అనే శాస్త్రవేత్తలు, జొన్నలే ప్రధానాహారంగా బతికే దక్కను ప్రాంతపు పేదలలో పెల్లాగ్రా కనిపించడానికి కారణం వెతికారు. అంతవరకు ఈ జబ్బు మక్కజొన్న తినేవారిదని ప్రపంచం అనుకునేది. మక్కలలో ఉన్న నియాసిన్ పిండిపదార్థంతో బిగుసుకుపోయి ఉండటం వల్ల పేగులకు అందదు. పైగా, శరీరం స్వయంగా నియాసిన్ తయారు చేసుకోవడానికి కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కూడా అందులో తక్కువ. మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి తినే ఆచారం ఉన్నందున అక్కడ ఈ జబ్బు పెద్దగా రాలేదు.

జొన్నలలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు. మరి లోపం ఎక్కడ? జొన్నలలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం, ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారీకి అడ్డు తగులుతుందని 1960లో వారు ప్రతిపాదించారు. తరువాతి పరిశోధనలన్నీ దీనిని ఒకేలా సమర్థించలేదు కనుక, ల్యూసిన్ వాదాన్ని తిరుగులేని సత్యంగా తీసుకోనక్కరలేదు. అయితే ఆ రోగులు పప్పు, పాలు, మాంసం దాదాపు ఎరుగని కూలీలన్నది మరువకూడదు. జబ్బు జొన్నలది అనడం కంటే, జొన్నలు తప్ప మరేమీ లేని కంచానిది అనడం న్యాయమని నా అభిప్రాయం.

జవాబు: పోషకాహార నిపుణురాలు, కరీంనగర్

మాస్టారు చెప్పిన కంచం సంగతినే లెక్కలోకి తెస్తాను. పెద్దవారికి రోజుకు సుమారు 14 నుంచి 16 మిల్లీగ్రాముల నియాసిన్ చాలు. తిన్న అన్నం, రొట్టె శక్తిగా మారాలంటే ప్రతి కణానికీ ఇది కావాలి; అందుకే ఎప్పటికప్పుడు కొత్త కణాలు పుట్టే చర్మం, పేగులు, ఎడతెగకుండా శక్తి ఖర్చు చేసే మెదడు ముందుగా దెబ్బతింటాయి.

వంద గ్రాముల పల్లీలలో సుమారు 12 మిల్లీగ్రాములు ఉంటుంది. కోడి మాంసం, చేపలు, మేక కార్జం కూడా మంచి ఆధారాలే. పాలు, గుడ్లలో నేరుగా ఉన్న నియాసిన్ అత్యల్పం, కాని వాటి ట్రిప్టోఫాన్ ఆ లోటు తీరుస్తుంది: 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుంచి శరీరం ఒక మిల్లీగ్రాము నియాసిన్ చేసుకుంటుంది, దానికి బి2, బి6, ఇనుము కూడా తోడుండాలి. కనుక జొన్నలు మానిపించకండి. పక్కన పప్పు, గుడ్డు, పెరుగు చేర్చండి. పచ్చి పులుసు రుచికే గాని, దానిలో మాంసకృత్తులు ఏముంటాయి? మన సర్వపిండిలో పల్లీలు, శనగపప్పు, నువ్వులు పడతాయి గనుక ఈ విషయంలో అది ఎంతో మేలు. షుగర్ ఉన్నవారికి బియ్యప్పిండి తగ్గించి జొన్నపిండితో చేయవచ్చు.

నియాసిన్ వేడికి చెడదు, నీటిలో మాత్రం కరిగిపోతుంది. ఇంట్లో మిగతావారు గంజి వార్చి పారబోసే అలవాటులో ఉంటే, బియ్యం మర పట్టిన తరువాత మిగిలిన కాస్త కూడా ఆ గంజితోనే పోతుంది.

హన్మకొండ వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. పల్లీలు, గుడ్లు రేపటి నుంచే మొదలుపెడతాము. అయితే మెడ నలుపు మాటేమిటి? సీసా మాత్రం అమ్మగారి మంచం పక్కనే ఉంది.

జవాబు: వైద్యుడు, ములుగు

ఫొటో కూడా చూడకుండా నిర్ధారణ చేయలేను గాని, తేడా చెప్పగలను. పెల్లాగ్రా మచ్చ ఎండ తగిలే చోటనే, శరీరానికి రెండు వైపులా ఒకే తీరుగా వస్తుంది: మెడ చుట్టూ హారంలాగా, ముంజేతుల మీద, పాదాల మీద. మొదట ఎండకు కమిలినట్టు ఎర్రబడి, తరువాత నల్లబడి, గరుకెక్కి, పొలుసులు రాలుతుంది. చెప్పు పట్టీ కింద చర్మం మామూలుగా ఉండటం కూడా చూశాను. దానితోపాటు నోరు పూయడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం, మతిమరుపు వంటివి ఉంటాయి. షుగర్ ఉన్నవారిలో మెడ ముడతలలో, చంకలలో మఖమల్ గుడ్డలా మందంగా, నున్నగా కనిపించే నలుపు వేరు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం దానికి గుర్తు. మీ అమ్మగారిది ఇదే అయ్యే అవకాశం ఎక్కువ. ఈ రోజుల్లో నిజమైన పెల్లాగ్రా మా దగ్గరికి వచ్చేది ఎక్కువగా అన్నం మానేసి మద్యం తాగేవారిలో, అప్పుడప్పుడు ఐసోనియాజిడ్ అనే క్షయ మందు వాడేవారిలో.

బిళ్లలు వేయవద్దు. అవసరానికి ముప్పై రెట్లకు పైబడిన మోతాదు అది. ఆ మోతాదులో నియాసిన్ మందే గాని ఆహారం కాదు: ముఖం ఎర్రబడి భగ్గుమంటుంది, కాలేయం దెబ్బతినవచ్చు, షుగర్ పెరుగుతుంది. కొలెస్ట్రాల్‌కు ఒకప్పుడు వాడేవారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులకు దీనిని జోడించి 25 వేల మందికి పైగా రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి, గుండెపోట్లు తగ్గలేదు సరికదా షుగర్ అదుపు తప్పడం వంటి ఇబ్బందులు పెరిగాయి. పెల్లాగ్రా అని తేలినా, మేము ఇచ్చేది నికోటినమైడ్ అనే మరో రూపం. దానికి ముఖం ఎర్రబడదు. అమ్మగారిని తీసుకెళ్లినప్పుడు గత రెండు మూడు నెలల షుగర్ సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ రక్త పరీక్ష చేయించండి, ఆ సీసా కూడా డాక్టరుకు చూపించండి.