లివర్ దెబ్బతింటే మెట్‌ఫార్మిన్ ఆపేయాల్సిందేనా?

ఎంవీపీ కాలనీ అమ్మాయి
మా నాన్నగారికి 63 ఏళ్లు. షుగర్ చాలా కాలంగా ఉంది. తాగుడు అలవాటు లేదు. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ (లివర్ గట్టిపడి మచ్చలు కట్టడం) మొదలైందన్నారు. లివర్ పరీక్షల్లో బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 3.7, రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్ 1.1. కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ 0.9. పొట్టలో నీరు లేదు. ఇన్నాళ్లూ షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా వేసుకునేవారు. మా వీధి మందుల షాపతను "లివర్ పేషెంటుకి మెట్‌ఫార్మిన్ ఏంటండీ" అని భయపెట్టి గ్లిమిపిరైడ్ అనే వేరే షుగర్ మాత్ర ఇచ్చాడు. నాన్న డాక్టరుని అడక్కుండా మార్చేసుకున్నారు. ఇవాళ తెల్లవారుజామున చెమటలు, వణుకు. మీటర్‌లో షుగర్ 58కి పడిపోయింది. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మెట్‌ఫార్మిన్ ఆపడం మంచిదేనా?

గాజువాక రిటైర్డ్
ఆపడమే మంచిదమ్మా. మా బావమరిదికి పొట్టలో నీరు చేరాక డాక్టరే మెట్‌ఫార్మిన్ మాన్పించి ఇన్సులిన్ పెట్టారు. లాక్టిక్ ఆసిడోసిస్ (రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోవడం) వస్తే మనిషి దక్కడు. లివర్ పోయినవాళ్లకి మాత్రలన్నీ విషమే. నేరుగా ఇన్సులిన్‌కి వెళ్లిపోండి.

ఫార్మసీ మాస్టారు, మద్దిలపాలెం
అమ్మా, సోమవారం దాకా ఆగొద్దు. గ్లిమిపిరైడ్ సంగతి ఈ రోజే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పండి. మళ్లీ చెమటలు పడితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మీటర్ చూడండి. ఈ మాత్ర వల్ల పడిపోయిన షుగర్ ఓసారి లేచి మళ్లీ పడిపోవచ్చు. మగతగా ఉంటే నోట్లో ఏమీ పోయకుండా కాజువాలిటీకి తీసుకెళ్లండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, రాత్రి మనం తినని గంటల్లో రక్తంలోకి చక్కెర వదిలేది లివరే. సిర్రోసిస్‌లో ఆ నిల్వ తగ్గిపోతుంది. గ్లిమిపిరైడేమో తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని తోస్తూనే ఉంటుంది. పైగా ఆ మాత్ర కరగాల్సింది కూడా లివర్‌లోనే. మెట్‌ఫార్మిన్ అలా కాదు. లివర్ దాన్ని ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు కిడ్నీల ద్వారా పోతుంది. ఒంటరిగా వాడితే షుగర్‌ని ఇంత కిందికి లాగడం అరుదు. అంటే లివర్‌ని కాపాడదామని తక్కువ ప్రమాదం ఉన్నదాన్ని తీసేసి, ఎక్కువ ప్రమాదం ఉన్నదాన్ని పెట్టారు. ఇది నాకు చాలా బాధగా ఉంది.

గాజువాక పెద్దాయన భయం ఉత్తిది కాదు. లాక్టిక్ ఆమ్లాన్ని శుభ్రం చేసేది లివరే కాబట్టి పొట్టలో నీరు చేరినవాళ్లకీ, కామెర్లున్నవాళ్లకీ, రోజూ తాగేవాళ్లకీ మెట్‌ఫార్మిన్ వద్దు. కానీ వాళ్ల బావమరిది దశ వేరు, ఈ నాన్నగారి దశ వేరు. సిర్రోసిస్ ఎంత ముదిరిందో చెప్పే చైల్డ్-ప్యూ లెక్కలో ఈయనకి వచ్చేది 5. అంటే ‘ఎ’ తరగతి, అన్నిటికంటే తేలిక దశ. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 2014లో ప్రచురించిన అధ్యయనంలో సిర్రోసిస్ తేలాక కూడా మెట్‌ఫార్మిన్ కొనసాగించినవారు ఆ తర్వాత బతికిన మధ్యస్థ కాలం 11.8 ఏళ్లు, ఆపినవారిది 5.6.

సీతమ్మధార హౌస్ సర్జన్
మాస్టారూ, ఆ అంకెల మీద అంత బరువు పెట్టకండి. అది పాత రికార్డులు తిరగేసి చేసిన పరిశీలన. జబ్బు ముదిరినవాళ్లకే డాక్టర్లు మందు ఆపి ఉంటారు, వాళ్లే ముందు పోయి ఉంటారు. మందు బతికించిందని దాన్నిబట్టి తేల్చలేం. తొలి దశలో కొనసాగించొచ్చన్న మాటతో మాత్రం ఏకీభవిస్తాను.

ఇంకోటి. సిర్రోసిస్‌లో ఎర్ర రక్తకణాలు తొందరగా నశిస్తాయి, అందువల్ల హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు. మీటర్ రీడింగులు రాసుకుని తీసుకెళ్లండి.

గాజువాక రిటైర్డ్
తొలి దశ అంటున్నారు. రేపు వాంతులో విరేచనాలో పట్టుకుని కిడ్నీ దెబ్బతింటే? మనోళ్లు ఏడాదికోసారైనా క్రియాటినిన్ చూపించుకుంటారా? సాయంత్రం పెగ్గు సంగతి డాక్టరుకి నిజం చెబుతారా? అందుకే డాక్టర్లు ముందే ఆపేస్తారు. నాకది సబబే అనిపిస్తుంది.

ఫార్మసీ మాస్టారు, మద్దిలపాలెం
ఈ మాట ఒప్పుకుంటానండీ. వాంతులు, విరేచనాలు, గట్టి జ్వరం ఉన్న రోజుల్లో మెట్‌ఫార్మిన్ ఆపి డాక్టరుకి చెప్పాలి. అది ఇంట్లో అందరికీ తెలిసుండాలి. కానీ పరీక్షలు చేయించుకోరన్న కారణంతో అందరికీ ఇన్సులిన్ అంటే ఎలా? లివర్ బాగా చెడినవాళ్లకి ఇన్సులినే దిక్కు, నిజమే. దాంతోనూ షుగర్ పడిపోతుందిగా.

అక్కయ్యపాలెం గృహిణి
ఇవన్నీ ఎందుకమ్మా, తిప్పతీగ కషాయం ఇవ్వండి. షుగర్‌కీ లివర్‌కీ రెండింటికీ మంచిది.

సీతమ్మధార హౌస్ సర్జన్
అత్తయ్యగారూ, దయచేసి అది వద్దు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. సిర్రోసిస్ మనిషి మీద ఆ ప్రయోగం చేయకూడదు.

ఎంవీపీ కాలనీ అక్కా, డాక్టరుని ఈ వేరే షుగర్ మాత్రల గురించి కూడా అడగండి. పయోగ్లిటజోన్ లివర్ కొవ్వుకి పనిచేస్తుంది గానీ ఒళ్లు నీరు పడుతుంది, గుండె బలహీనమైతే ఇవ్వరు. 2013లో మన దేశంలో దాన్ని కొన్నాళ్లు నిలిపేసి, మూత్రాశయ క్యాన్సర్ హెచ్చరికతో మళ్లీ అనుమతించారు. డాపాగ్లిఫ్లోజిన్ జెనరిక్ వచ్చాక ధర దిగింది. లినాగ్లిప్టిన్‌కి లివర్ కోసం మోతాదు మార్చక్కర్లేదు. విల్డాగ్లిప్టిన్ మాత్రం లివర్ ఎంజైములు పెరిగి ఉంటే వాడరు.

ఎంవీపీ కాలనీ అమ్మాయి
డాక్టరుగారికి ఫోన్ చేశాను. గ్లిమిపిరైడ్ ఈ పూట నుంచే మానేయమన్నారు. రాత్రి పడుకునే ముందు ఏదైనా తినిపించి, మూడింటికి ఒకసారి మీటర్ చూడమన్నారు. మెట్‌ఫార్మిన్ సంగతి సోమవారం కొత్త క్రియాటినిన్ చూశాకే చెబుతారట.