గుంటూరులో ఉంటూ కానూరులో అద్దెకివ్వడానికి ఫ్లాట్ కొనొచ్చా? చేతిలో 22 లక్షలు ఉన్నాయి

కొరిటెపాడు_నాన్న:
అందరికీ నమస్కారం అండి. నాకు 36 ఏళ్ళు, గుంటూరులో మా నాన్నగారు కట్టిన ఇంట్లోనే ఉంటాం, ఉద్యోగానికి రోజూ మంగళగిరి వెళ్ళొస్తాను. నా పొదుపు, మా ఆవిడ పాడిన చీటీ డబ్బులు కలిపి 22 లక్షలు పోగయ్యాయి. విజయవాడ కానూరులో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ చూశాం. ఎనిమిదేళ్ళ పాతది, 45 లక్షలు చెబుతున్నారు, ఇప్పుడున్న వాళ్ళు 13 వేలు అద్దె ఇస్తున్నారట. 30 లక్షలు లోను పెడదామని ఆలోచన. బ్రోకరేమో "ఈఎంఐ సంగతి అద్దే చూసుకుంటుంది" అంటున్నాడు, నేను ఎన్నిసార్లు కూడినా ఆ లెక్క కుదరట్లేదు. ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళు ఇంటర్‌కి వచ్చేసరికి, అంటే పదేళ్ళలో, నెలకి 40 వేలు అద్దె రావాలని నా కోరిక. మొదటిది కొని రెండోది, మూడోది ఎలా పెంచుకుంటూ పోవాలో అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

పటమట_లెక్కలు:
మీకు కుదరట్లేదంటే మీరు సరిగ్గా కూడారనే అర్థం. 30 లక్షలకి 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ళు అనుకుంటే ఈఎంఐ 26 వేలు దాటుతుంది. అద్దె అందులో సగం. మిగతా సగం మీ జీతంలోంచి పోవాలి, ఇల్లు ఖాళీగా ఉన్న నెల మొత్తం 26 మీ నెత్తినే. ఇక చేతి డబ్బు సంగతి: మీ వాటా 15 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, 45 లక్షల మీద 3,37,500 అవుతుంది, దీన్ని బ్యాంకు ఇంటి ఖరీదులో కలపదు కాబట్టి మీరే పెట్టుకోవాలి. బ్రోకరు కమీషను, డాక్యుమెంటు ఖర్చులు, రంగులు, బాత్రూం రిపేర్లు అన్నీ కలిపి ఓ రెండు లక్షలు వేసుకోండి. 22 లక్షల్లో ఒకటిన్నర మిగులుతుంది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆపదకి దాచుకునేది అంతేనా?

రాబడి కూడా నిజాయితీగా చూడండి. ఏడాదికి 12 కాదు, 11 నెలల అద్దే లెక్కేయాలి. 1,43,000 వస్తుంది. ఆస్తి పన్ను, రిపేర్లకి 18 వేలు తీస్తే 1,25,000. ఇంటి ఖరీదు, రిజిస్ట్రేషను కలిపితేనే మీరు పెట్టేది 48 లక్షల పైన. అంటే 2.6 శాతం.

ఆదాయపు పన్ను విషయంలో చాలామంది పొరబడుతున్నారు. అద్దెలోంచి మీరు కట్టిన మున్సిపల్ పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం రిపేర్ల కింద వదిలేస్తారు, బిల్లులు చూపించక్కర్లేదు. లోను వడ్డీ కూడా తీసేయొచ్చు. మీ కేసులో మొదటి ఏడాది వడ్డీయే రెండున్నర లక్షలు, కాబట్టి లెక్కలో నష్టమే వస్తుంది. పాత విధానంలో ఉంటే ఆ నష్టాన్ని ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో ఉంటే జీతం మీద తగ్గించుకునే వీలు లేదు. "లోను పెడితే పన్ను మిగులుతుంది" అనే మాట విని దిగేముందు మీరు ఏ విధానంలో ఉన్నారో చూసుకోండి.

గన్నవరం_రైతు:
అద్దెలు, రిపేర్లు ఈ తలనొప్పంతా ఎందుకు తమ్ముడూ, అదే డబ్బుతో స్థలం కొని పడేయి.

పటమట_లెక్కలు:
అన్నా, ఆయన అడిగింది నెలనెలా వచ్చే డబ్బు. స్థలం అమ్మితేనే డబ్బు, అదీ మనకి కావలసిన రోజున అమ్ముడుపోదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక తుళ్ళూరు వైపు ప్లాట్లు పెట్టుకున్న మా బంధువులు పెళ్ళిళ్ళకి కూడా అమ్ముకోలేక ఎంత నలిగిపోయారో నేను దగ్గరుండి చూశాను. ఇప్పుడు పనులు మళ్ళీ మొదలయ్యాయి, సంతోషమే. కానీ ఆశ మీద కొన్నదాన్ని ఆదాయం కింద రాసుకోకూడదు.

సత్యనారాయణపురం_టీచరమ్మ:
బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని, మాకు ఐదు పోర్షన్లు ఉన్నాయి, 26 ఏళ్ళుగా అద్దెకిస్తున్నాం. నాకు తెలిసింది చెబుతాను, కొంచెం పొడుగవుతుంది.

ఇల్లు చూసేటప్పుడు నువ్వు కొనేవాడిలా కాకుండా అందులో అద్దెకి దిగేవాళ్ళలా చూడాలి. పొద్దున్నే నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, బోరు నీళ్ళు ఉప్పా తీపా, బట్టలు ఆరేసుకునే చోటుందా, స్కూలు బస్సు సందులోకి వస్తుందా, రాత్రి తొమ్మిదింటికి ఆడపిల్ల ఒంటరిగా నడిచి రాగలదా. ఒకసారి సాయంత్రం, ఒకసారి గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళి చూడు. పక్క ఫ్లాటు ఆవిడని అడుగు, బ్రోకరు చెప్పనివన్నీ ఆవిడ చెబుతుంది.

మన దగ్గర ఇల్లు ఖాళీ అయ్యే కాలం చాలా ముఖ్యం. స్కూళ్ళు తెరిచేముందు, మే నెలలో, ఇల్లు చూడటానికి వరసగా వస్తారు. ఆషాఢం పడ్డాక ఖాళీ అయిందంటే శ్రావణం దాకా తాళమే, ఎందుకంటే అద్దె ఇంట్లో అయినా ఆషాఢంలో పాలు పొంగించరు. మూఢం వచ్చినా అంతే, ధనుర్మాసమూ అంతే. అందుకే మా అగ్రిమెంట్లన్నీ ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా రాసుకుంటాం, అవసరమైతే మొదటిసారి ఏడెనిమిది నెలలకే రాస్తాం. మామూలుగా 11 నెలలకి రాయడం మన దగ్గర వాడుక. కానీ 11 నెలలు అవగానే మళ్ళీ రాయించుకో, బద్ధకించకు. మేము ఒకసారి నాలుగేళ్ళు రాయించుకోకుండా వదిలేశాం, వాళ్ళ పెద్దాయన పోయాక కొడుకులు అద్దె ఎంతో అడ్వాన్సు ఎంతో ఒప్పుకోలేదు, 14 నెలలు తిరిగితే గానీ ఇల్లు చేతికి రాలేదు. ఆ 14 నెలలు మా ఆయనకి బీపీ తగ్గలేదు.

అద్దె చుట్టుపక్కల కంటే ఓ ఐదొందలు తక్కువే పెట్టు. మంచివాళ్ళు ఐదేళ్ళు కదలకుండా ఉంటే, మధ్యలో ఒక్క నెల ఖాళీ తప్పినా నీకు ఆ తేడా వెనక్కి వచ్చినట్టే. మోటారు కాలిపోయిందని ఫోన్ వస్తే ఆ రోజే మనిషిని పంపు.

ఇంతకీ, మీ నాన్నగారి ఇల్లు ఎన్ని అంతస్తులు? పైన ఖాళీగా ఉందా?

సింగ్‌నగర్_వాసి:
టీచరమ్మగారు వాన మర్నాడు వెళ్ళమన్నారు, నేను ఇంకో మాట కలుపుతాను. 2024 సెప్టెంబరు 1 పొద్దున బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చాయి. నాకు సింగ్‌నగర్‌లో కింద రెండు పోర్షన్లు, పైన మేము. కింద ఉన్న రెండు కుటుంబాలూ మా మేడ మీదకి వచ్చేశాయి, పదకొండు మందిమి ఒకే ఇంట్లో ఉన్నాం, పడవలో వచ్చే పాల ప్యాకెట్ల కోసం చూసుకుంటూ. నీళ్ళు దిగాక కింద ఏమీ మిగల్లేదు. వాళ్ళ ఫ్రిజ్‌లు, మంచాలు, పిల్లల పుస్తకాలు, మా వైరింగు, తలుపులు అన్నీ పోయాయి. రెండు నెలలు అద్దె అడగలేదు, అడిగే మొహం కూడా లేదు. బాగు చేయించడానికి దాదాపు మూడు లక్షలయ్యాయి, అప్పు చేసి పెట్టాను. ఒక కుటుంబం ఇప్పటికీ మాతోనే ఉంది, ఇంకొకళ్ళు భయపడి పోరంకి వెళ్ళిపోయారు.

కొనేముందు ఆ వీధిలో అప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో ఇద్దరు ముగ్గురిని అడగండి. గోడల మీద గుర్తులు రంగు కింద కప్పేసి అమ్ముతున్నారు. ఇంటికి బీమా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు, ఇప్పుడు ప్రతి ఏడాదీ కడుతున్నాను.

కొరిటెపాడు_నాన్న:
మీ మాటలు చదివి మనసు కలుక్కుమంది సార్, ఇవన్నీ రాసినందుకు థాంక్స్. టీచర్‌గారూ, మా ఇల్లు 1998లో కట్టింది, 140 గజాలు, కింది అంతస్తు ఒక్కటే. పైన డాబా ఖాళీ. నాన్నగారు అప్పట్లో పిల్లర్లు వేయించి పైకి చువ్వలు వదిలారు గానీ తర్వాత మా అక్క పెళ్ళి, నా చదువు, అలా ఆగిపోయింది.

బ్రాడీపేట_రెండో_లైను:
తమ్ముడూ, నీ మొదటి అద్దె ఇల్లు మీ డాబా మీదే ఉంది. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పకపోవడమే ఆశ్చర్యం.

నేను ఇలాగే మొదలుపెట్టాను. 2021లో మా ఇంటి మీద 900 అడుగుల పోర్షన్ వేశాను, అన్నీ కలిపి అడుగుకి 1,800 చొప్పున 16 లక్షల పైన అయింది. అద్దె 9,500 వచ్చింది. ఏడాదికి 1,14,000, అంటే ఏడు శాతం. స్థలం ఖరీదు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, బ్రోకరు లేడు. ఇప్పుడు ఖర్చు అంతకంటే ఎక్కువే అవుతుంది, నీకు 20 లక్షలు అనుకో, అందులో ఓ ఎనిమిది లోను తీసుకుని పది లక్షలు చేతిలో ఉంచుకో. ఫ్లాట్ లెక్కతో పక్కపక్కన పెట్టి చూడు.

అయితే తొందరపడి మేస్త్రీని పిలవకు. ఆ చువ్వలు ఇరవై ఏడేళ్ళకి పైగా వానకి తడిసినవి, తుప్పు ఎంతవరకు తిందో, పునాది పై అంతస్తు బరువు మోస్తుందో ఇంజనీరుతో చూపించు, ఆయన వద్దంటే వద్దు. కార్పొరేషన్ నుంచి పై అంతస్తుకి ప్లాను తీసుకునే కట్టు. ప్లాను లేకపోతే ఆస్తి పన్ను మీద జరిమానా వేస్తారు, రేపు లోనుకి వెళ్తే బ్యాంకు తిప్పి పంపుతుంది. మా బావమరిది ఒక అపార్టుమెంటులో పై అంతస్తు ఫ్లాటు కొన్నాడు, చవగ్గా వస్తోందని. ప్లానులో అసలు ఆ అంతస్తే లేదు. ఏడేళ్ళయింది, అమ్ముదామంటే లోను మీద కొనేవాడు ఒక్కడూ రావట్లేదు. నువ్వు రేపు ఫ్లాట్ కొన్నప్పుడు కూడా ముప్పై ఏళ్ళ ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే పత్రం), లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు), మంజూరైన ప్లాను, ఫ్లాటుకి ఎన్ని గజాల స్థలం వాటా వస్తుందో ఇవి చూడకుండా బయానా ఇవ్వకు.

పెంచుకోవడం గురించి అడిగావు కదా. నేను అద్దె పడటానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టాను, ఇంటి ఖర్చుకి అందులోంచి రూపాయి తీయలేదు. ముందు ఆరు నెలల ఈఎంఐ అందులో నిలవ ఉంచి, ఆ పైన మిగిలింది ఏటా పోర్షన్ కోసం తీసుకున్న లోను అసలుకి కట్టాను. నాలుగేళ్ళకి ఆ లోను తీరింది. అప్పుడే రెండోది చూశాను, కొత్తపేట వైపు పాత అపార్టుమెంటులో సింగిల్ బెడ్‌రూమ్. చూడటానికి ఏమీ బాగోదు. కానీ చుట్టూ ఆసుపత్రులు, నర్సులూ ల్యాబు వాళ్ళూ అడుగుతూనే ఉంటారు, ఇప్పటిదాకా పది రోజులకి మించి ఖాళీగా లేదు. ఇంటి నుంచి బండి మీద పది నిమిషాలు. కానూరులో పైపు పగిలితే నువ్వు ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాలి. పదేళ్ళలో 40 వేలు మాత్రం కష్టం, పాతిక వేలు అనుకుని మొదలుపెట్టు.

కొరిటెపాడు_నాన్న:
అన్నా, నిన్న రాత్రి నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత బీరువాలోంచి పాత ప్లాను తీసి ఇచ్చారు. ఆదివారం ఇంజనీరు వస్తున్నారు. కానూరు బ్రోకరుకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. ఒక్కటే సందేహం, అమ్మకి వేరేవాళ్ళు ఇంట్లోంచి తిరగడం ఇష్టం లేదు, మెట్లు ఎలా?

సత్యనారాయణపురం_టీచరమ్మ:
మెట్లు బయట నుంచే పెట్టించు బాబూ, గేటు కూడా వేరే అయితే అమ్మకి ఇబ్బంది ఉండదు. కరెంటు మీటరు మాత్రం పైకి విడిగా తీసుకో, రెండు కుటుంబాలు ఒకే మీటరు మీద ఉంటే యూనిట్లన్నీ కలిసి ఎక్కువ రేటు పడే శ్లాబులోకి పోతాయి, నెలనెలా బిల్లు దగ్గర మాట తేడాలొస్తాయి. ట్యాంకు కూడా వేరే పెట్టించు. ఇంజనీరు ఏమన్నారో ఆదివారం సాయంత్రం ఇక్కడ రాయి, చూస్తుంటాను.