భారీ రోబోను ఎవరూ ఎత్తుకుపోకుండా ఏం చేస్తారు? కథ కోసం అడుగుతున్నాను

కథల పెట్టె (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను తెలుగులో ఒక సైన్స్ ఫిక్షన్ ధారావాహిక రాస్తున్నాను. అందులో మనిషి ఛాతీ భాగంలో కూర్చుని నడిపే 16 మీటర్ల రోబోలు ఉంటాయి. ఒక సరిహద్దు స్థావరంలో అవి పన్నెండు. పద్దెనిమిదేళ్ల కథానాయిక అక్కడ మరమ్మతుల విభాగంలో సహాయకురాలు. నాలుగో భాగంలో ఆమె ఒక రోబోను బయటికి తీసుకుపోవాలి.

మూడో భాగం చదివిన పాఠకుడొకరు ఉత్తరం రాశారు. "కోట్లు ఖరీదు చేసే ఆయుధానికి తాళం ఉండదా? మా ఇంట్లో స్కూటరుకే రెండు తాళాలున్నాయి" అని. ఆయన అడిగింది న్యాయమే. వేలిముద్ర పెడదామంటే దాన్ని దాటించడానికి మళ్లీ ఏదో మాయ చేయాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేదు. నిజంగా ఇలాంటి యంత్రం ఉంటే దానికి కాపలా ఎలా ఉంటుంది? అందులో ఒక మామూలు అమ్మాయి దూరగల సందు ఎక్కడ ఉంటుంది?

రోబో ప్రేమి

జపాన్ అనిమేలలో, అంటే అక్కడి యానిమేషన్ కథల్లో, ఈ దొంగతనం ఒక సంప్రదాయం. 1979 నాటి మొదటి 'గండం' (Gundam, భారీ రోబోల యుద్ధకథ) ధారావాహికలో అమురో అనే కుర్రాడు యంత్రం తాలూకు మాన్యువల్ చేతబట్టుకుని ఎక్కేస్తాడు, తాళం ప్రస్తావనే రాదు. దాడి జరుగుతోంది, జనం చనిపోతున్నారు, కాబట్టి చూసేవాళ్లూ అడగరు. 2002లో వచ్చిన గండం సీడ్‌లో ఐదు కొత్త యంత్రాల్లో నాలుగింటిని శత్రువులు తయారైన చోటి నుంచే నడుపుకుపోతారు. మిగిలిన ఐదోదాంట్లో నడిపే సాఫ్ట్‌వేర్ ఇంకా సగంలోనే ఉంది. కిరా అనే కుర్రాడు పోరాటం మధ్యలో కూర్చుని దాన్ని తిరగరాసుకుంటాడు. పూర్తికాని సాఫ్ట్‌వేర్ తాళం కంటే గట్టి అడ్డంకి అని నాకు అప్పుడు అనిపించింది.

కోడ్ గియాస్ అనే అనిమే మాత్రం తాళం ఉందని ఒప్పుకుంటుంది. అక్కడి యంత్రానికి తాళంచెవీ కావాలి, రహస్య సంకేతమూ కావాలి. కథానాయకుడు లెలూష్ యంత్రం జోలికే పోడు. దాని పైలట్‌ను తన శక్తితో లొంగదీసుకుని రెండూ ఆమె చేతే ఇప్పించుకుంటాడు. ఇవాంజెలియన్ అనే అనిమేలో వేరే లెక్క. యంత్రంతో మనసు కలిసే పైలట్ కావాలి, పైగా వీపుకు కరెంటు కేబుల్ ఉంటుంది. అది ఊడితే లోపలి బ్యాటరీ మహా అయితే ఐదు నిమిషాలు. ఎత్తుకుపోయినా ఎంత దూరం పోతారు?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది గండం 0083. ఆస్ట్రేలియాలోని టోరింగ్టన్ స్థావరంలో గాటో అనే పైలట్ తన శత్రువుల యూనిఫాం వేసుకుని నడిచి వస్తాడు, అణుబాంబు ఎక్కించి సిద్ధంగా ఉంచిన యంత్రంలో కూర్చుని వెళ్లిపోతాడు. యంత్రం పోవడం సరే, బాంబుకైనా ఒక తాళం వేయాలి కదా!

గని మెకానిక్

నేను ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్లు (బరువు మోసే భారీ లారీలు), షావెళ్ల (తవ్వి ఎత్తే యంత్రాలు) మరమ్మతు చూస్తాను. మా 100 టన్నుల డంపరు చక్రం మనిషి కంటే ఎత్తు. రోబో నేను చూడలేదు కానీ, నిచ్చెన ఎక్కి నడపాల్సిన యంత్రాల మధ్యే బతుకుతున్నాను కాబట్టి చెబుతాను.

ముందుగా మీ పాఠకుడికి ఒక సంగతి చెప్పండి. భారీ యంత్రాల లోకంలో తాళంచెవికి పెద్ద విలువ లేదు. ఒక కంపెనీ ఎక్స్‌కవేటర్ చెవి అదే కంపెనీ యంత్రాలు చాలావాటికి పడుతుంది. కోడు, చిప్పు ఉన్న చెవులు కొత్త మోడళ్లలో వస్తున్నాయి, అది వేరే మాట. షిఫ్టుకొక ఆపరేటరు మారే చోట, చెవి ఎవరి జేబులోనో ఉండిపోయిందని యంత్రం ఆగితే ఆ నష్టాన్ని ఎవరూ భరించలేరు. సైన్యంలోనూ ఇదే కథ. 1995 మే 17న అమెరికాలోని శాన్‌డియాగోలో, పూర్వం సైన్యంలో ట్యాంకు నడిపిన ఒకాయన ఆయుధాగారంలోకి వెళ్లి 57 టన్నుల ఎం60 ట్యాంకును బయటికి తెచ్చాడు. దానికి చెవే లేదు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది. 23 నిమిషాల పాటు వీధుల్లో కార్లను తొక్కుకుంటూ పోయాడు. ఊరు బతికిపోయింది ఎందుకంటే ట్యాంకులో గుండ్లు లేవు.

మా దగ్గర యంత్రాన్ని నిజంగా కదలనివ్వని తాళం ఒకటుంది, అది దొంగల కోసం పెట్టింది కాదు. నిచ్చెన పక్కన బ్యాటరీ ఐసొలేటర్ స్విచ్చు, అంటే బ్యాటరీ కరెంటును తెంచేది, ఉంటుంది. మరమ్మతు మొదలుపెట్టే ముందు దాన్ని ఆఫ్ చేసి, ఆరు రంధ్రాలున్న ఒక ఇనుప కొక్కెం తగిలిస్తాం. దాన్ని హాస్ప్ అంటాం. పనిచేసే ప్రతి ఫిట్టరూ తన సొంత తాళం ఒక్కో రంధ్రంలో వేస్తాడు, పక్కన తన పేరున్న ఎర్ర ట్యాగు కడతాడు, చెవి తన జేబులో పెట్టుకుంటాడు. చివరి మనిషి తన తాళం తీసేదాకా స్విచ్చు తిరగదు. ఇంజనీరు వచ్చినా, మేనేజరు వచ్చినా తిరగదు. లోపల చెయ్యి పెట్టిన మనిషి ప్రాణం ఆ తాళం మీద ఆధారపడి ఉంటుంది, అందుకే దాని విషయంలో మేము ఎవరి మాటా వినం.

ఎవరైనా తాళం తీయకుండా ఇంటికి పోతే పెద్ద తతంగం. ఫోను చేయాలి, ఎత్తకపోతే ఇంటికి మనిషిని పంపాలి, ఆయన యంత్రం దగ్గర లేడని అంతా వెతికి చూడాలి, బాధ్యులు సంతకాలు చేయాలి, ఆ తర్వాతే కట్టర్ పెట్టాలి. మీ కథానాయిక మరమ్మతుల మనిషి అన్నారు. ఆమెకూ ఒక తాళం ఉండి తీరాలి. స్థావరంలో ఆమెకున్న అసలు అధికారం అదే.

కేబుల్ సంగతి రోబో ప్రేమి గారు బాగా గుర్తు చేశారు. మా కరెంటు షావెల్ వెనకాల లావుపాటి ట్రెయిలింగ్ కేబుల్ నేల మీద పడి ఉంటుంది. షావెల్‌ను ఇంకో చోటికి జరపాలంటే సబ్‌స్టేషన్‌కు చెప్పాలి, కేబుల్ మోసే మనుషులు రావాలి. గుట్టుగా కదిలించడం కుదరనే కుదరదు. డంపరు కూడా స్టార్ట్ కాగానే పరుగెత్తదు, బ్రేకులకు పీడనం ఎక్కేదాకా నిలబడాల్సిందే. ఆ శబ్దానికి యార్డంతా నిద్ర లేస్తుంది. మీ రోబోకి కూడా అలాంటి రెండు మూడు నిమిషాలు పెట్టండి.

ఇక ఎత్తుకుపోయిన తర్వాత. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటొపోల్‌లో రష్యా సైనికులు ఒక డీలరు దగ్గరి నుంచి హార్వెస్టర్లు, ట్రాక్టర్లు పట్టుకుపోయారు. కొన్ని చెచెన్యా దాకా చేరాయి. తీరా చూస్తే అవి స్టార్ట్ కాలేదు, దూరం నుంచే లాక్ చేసేశారు. వ్యవసాయ యంత్రానికి ఇది చాలా మంచి పద్ధతి. యుద్ధ యంత్రానికి పెడితే మాత్రం, ఆ లాక్ రహస్యం శత్రువుకు దొరికిన రోజు మీ పన్నెండు రోబోలూ ఒకేసారి నిలబడిపోతాయి.

కథల పెట్టె

హాస్ప్ సంగతి నాకు అసలు తెలియదు. చాలా కృతజ్ఞతలు. మరి పైలట్ మెదడునో కంటిపాపనో గుర్తుపట్టే ఏర్పాటు అవసరం లేదంటారా? పాఠకులు అది ఉంటుందనే అనుకుంటారు.

మాజీ వాయుసైనికుడు

నేను వాయుసేనలో గ్రౌండ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఒక్క మనిషికే లొంగే యంత్రాన్ని ఏ కమాండరూ ఒప్పుకోడు. అలర్ట్ మీద ఉన్న ఫైటర్ కొన్ని నిమిషాల్లో గాల్లోకి లేవాలి. ఆ రోజు డ్యూటీలో ఎవరుంటే వాళ్లే ఎక్కుతారు. పైలట్‌కు దెబ్బ తగిలితే ఇంకొకరు ఎక్కాలి. అందుకే యుద్ధవిమానానికి కారులాంటి తాళం ఉండదు. కాపలా అంతా విమానం చుట్టూ ఉంటుంది. కంచె, సెంట్రీ, హ్యాంగర్ తలుపు, ఎవరు ఎప్పుడు అప్పగించారో రాసే పుస్తకం, అన్నిటికంటే ముఖ్యంగా ఒకరి ముఖం ఒకరికి తెలిసిన మనుషులు.

తెలియనివాడు విమానం దగ్గరికి వచ్చినా వెంటనే ఎగరలేడు. ఇంజను గాలి పీల్చే నోటికి మూతలుంటాయి, చక్రాల కింద దిమ్మలుంటాయి, ల్యాండింగ్ గేర్‌కూ ఎజెక్షన్ సీటుకూ ఎర్ర రిబ్బను కట్టిన సేఫ్టీ పిన్నులుంటాయి. ఏది ఏ వరుసలో తీయాలో తెలియాలి. తీసిన పిన్నులు లెక్కపెట్టి పైలట్‌కు చూపించడం మా పని. ఒక్కటి తగ్గినా విమానాన్ని వదిలేవాళ్లం కాదు.

ఇంత చేసినా సొంత మనిషిని ఆపలేం. 1976 సెప్టెంబర్ 6న సోవియట్ పైలట్ విక్టర్ బెలెంకో దేశం విడిచి పారిపోతూ తన మిగ్-25 యుద్ధవిమానాన్ని జపాన్‌లోని హకొదాతేలో దించేశాడు. అతనికి అన్ని అనుమతులూ ఉన్నాయి. కంటిపాప పరీక్ష పెట్టినా నెగ్గేవాడు. విమానాన్ని విడగొట్టి పరీక్షించాక పెట్టెల్లో పెట్టి తిరిగి పంపారు. సోవియట్‌లకు అసలు నష్టం వేరే. మనవాడెవరో, పరాయివాడెవరో గుర్తుపట్టే సంకేత వ్యవస్థను మార్చుకోవాల్సి వచ్చింది. మీ కథలో రోబో పోయిన మర్నాడు స్థావరంలో మిగిలిన పదకొండింటికీ సంకేతాలు మార్చే గొడవ మొదలవ్వాలి. దాని మీదే ఒక భాగం రాయవచ్చు.

రోబో ప్రేమి గారి కోపానికి జవాబు కూడా నిజజీవితంలోనే ఉంది. ఐరోపాలో ఉంచిన అమెరికా అణ్వాయుధాలకు కోడు తాళాలు పెట్టాలని 1962లో అమెరికా అధ్యక్షుడు కెనడీ ఆదేశించారు. విమానానికి లేని తాళం బాంబుకు వచ్చింది. ఎవరి చేతికి చిక్కినా కోడు లేకుండా అది పేలదు. మీరూ అలాగే చేయండి. రోబో నడవనివ్వండి, తుపాకీ మాత్రం కంట్రోల్ రూమ్ ఒప్పుకుంటేనే పేలాలి.

కథల పెట్టె

అయితే ఆమె చేతికి ఆయుధం లేని రోబో వస్తుందన్నమాట. అది నా కథకు ఇంకా మంచిది. గని మెకానిక్ గారూ, ఆమె ఏ సమయంలో ఎక్కాలంటారు?

గని మెకానిక్

షిఫ్టు మారేటప్పుడు ఎక్కించండి. దిగే షిఫ్టువాళ్లు తాళాలు తీస్తుంటారు, ఎక్కే షిఫ్టువాళ్లు తమవి వేయాలి. పద్ధతి ప్రకారం కొత్తవాళ్ల తాళాలు పడ్డాకే పాతవాళ్లు తీయాలి. స్థావరంలో పని ఒత్తిడి ఉన్న రోజున ఆ వరుస తప్పిందని రాయండి, ఎవరైనా నమ్ముతారు. ఆ కాసేపు కొక్కేనికి ఆమె తాళం ఒక్కటే మిగులుతుంది, దాని చెవి ఆమె జేబులోనే ఉంది. దేన్నీ పగలగొట్టక్కర్లేదు.

ఒక్కటి మాత్రం కచ్చితంగా చూసుకోండి. స్విచ్చు తిప్పే ముందు లోపల ఎవరూ లేరని ఆమె యంత్రం చుట్టూ తిరిగి, పేరు పెట్టి పిలిచి చూడాలి. తొందరలో ఉన్నా సరే. మా పని నేర్చిన మనిషి అది చేయకుండా స్విచ్చు తిప్పితే నేను ఆ పాత్రను నమ్మను. హాస్ప్, ట్యాగు ఫొటోలు రేపు డ్యూటీ నుంచి వచ్చాక పెడతాను.