సిస్టమ్ పేరు మార్చినా రౌటర్‌లో పాత పేరే చూపిస్తోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే. ఉబుంటు (లైనక్స్ ఓఎస్) ఉన్న డిస్క్‌ని క్లోన్ చేసి (ఉన్నదున్నట్టు కాపీ తీసి) రెండో సిస్టమ్‌లో వేశా, దాంతో రెండిటికీ ఒకటే పేరు వచ్చింది. రెండో దాంట్లో హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కమాండ్‌తో పేరు మార్చా, టెర్మినల్ మూసి తెరిస్తే కొత్త పేరే ఉంది, కానీ సుడో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపేది) కొట్టిన ప్రతిసారీ హోస్ట్ రిజాల్వ్ అవ్వట్లేదని, అంటే ఆ పేరుకి అడ్రస్ దొరకట్లేదని ఒక లైన్ వస్తోంది, పైగా రౌటర్ పేజీలో ఇంకా పాత పేరే. అసలు పేరు మారినట్టా కాదా?

జవాబు 1:
మారింది తమ్ముడూ, కంగారు పడకు. ఆ కమాండ్ ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్‌నేమ్ ఫైల్‌ని మారుస్తుంది, పక్కనే ఉండే హోస్ట్స్ ఫైల్‌ని (ఏ పేరుకి ఏ ఐపీ అడ్రసో రాసుండేది) మాత్రం ముట్టుకోదు. అది ఓపెన్ చేస్తే 127.0.1.1 (సిస్టమ్ తనకి తానే వాడుకునే అడ్రస్) అనే లైన్లో పాత పేరు అలాగే ఉంటుంది, తీసేసి కొత్తది రాయి. పైన 127.0.0.1 లోకల్‌హోస్ట్ లైన్ ఉంటుంది, దాని జోలికి వెళ్ళకు. ఇక రౌటర్ సంగతి, డీహెచ్‌సీపీలో (రౌటర్ ఐపీ అడ్రసులు పంచే పద్ధతి) ఐపీ అడిగేటప్పుడు సిస్టమే తన పేరు చెబుతుంది, రౌటర్ అదే రాసి పెట్టుకుంటుంది, నెట్‌వర్క్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే కొత్త పేరు వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
సుడో గోల పోయింది అన్నా, చాలా థాంక్స్!! కొత్త పేరుకి పింగ్ (మెషీన్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) కొడితే రిప్లై కూడా వస్తోంది, ఇంక అయిపోయినట్టేగా?

జవాబు 2:
అదే సిస్టమ్ నుంచి కొట్టారా? అలాగైతే అది చెక్ చేసినట్టు కాదండీ, హోస్ట్స్ ఫైల్లో మీరు రాసిందే మీకు తిరిగొస్తోంది, రిప్లై 127.0.1.1 నుంచి వస్తోందేమో చూడండి. మొదటి సిస్టమ్‌కి వెళ్ళి కొత్త పేరు చివర డాట్ లోకల్ పెట్టి కొట్టండి, రెండిట్లో అవాహీ (లోకల్ నెట్‌వర్క్‌లో పేర్లతో మెషీన్లని కనిపెట్టే ప్రోగ్రామ్) నడుస్తుంటే నెట్‌వర్క్‌లోని అసలు ఐపీ వస్తుంది. పేరు పక్కన -2 అని చేరి కనిపిస్తే ఇంకో మెషీన్ అదే పేరు వాడుతోందని అర్థం.

జవాబు 3:
క్లోన్ అన్నారు కాబట్టి చెప్తున్నా, ఈటీసీలోనే మెషీన్ ఐడీ అని ఒక ఫైల్ ఉంటుంది, అదీ రెండిట్లో ఒకటే అయ్యుంటుంది. ఉబుంటు సర్వర్ డీహెచ్‌సీపీకి ఆ ఐడీ నుంచే తన గుర్తింపు తయారు చేసుకుంటుంది, అందుకని పేర్లు వేరైనా రెండిటికీ ఒకే ఐపీ రావచ్చు, నేను ఒక సాయంత్రమంతా కేబుల్ తప్పనుకుని మార్చి మార్చి చూశాను. ఆ ఫైల్ ఖాళీ చేసి రీబూట్ చేస్తే కొత్త ఐడీ వస్తుంది. అలాగే నెట్‌వర్క్‌లో విండోస్ మెషీన్లు ఉంటే పేరు 15 అక్షరాలు దాటనివ్వకండి, నెట్‌బయోస్ (విండోస్‌లో మెషీన్లని పేరుతో గుర్తించే పాత పద్ధతి) అంతకు మించి తీసుకోదు, అండర్‌స్కోర్ బదులు హైఫన్ వాడండి.

ప్రశ్న అడిగినవారు:
అమ్మో, నిజంగానే రెండిటి ఐడీ ఒకటే ఉంది! మార్చి రీబూట్ చేశా, ఇప్పుడు అవతలి సిస్టమ్ నుంచి పింగ్ కొడితే కొత్త పేరుతో, వేరే ఐపీతో రిప్లై వస్తోంది.