పేరులో ‘మెరైన్’ ఉంటే చాలు, చేపల వేటే అంటోంది లాంగ్వేజ్ మోడల్

ఎంవీపీ కాలనీ:
విశాఖ కంపెనీలు ఏ రంగంలో ఎన్నున్నాయో లెక్క తీస్తున్నానండీ, పీహెచ్‌డీ కోసం. కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు సీఐఎన్‌లో మొదటి అక్షరం తర్వాత అయిదంకెలు పరిశ్రమ కోడే కదా, పని సులువనుకున్నా. తీరా చూస్తే అది కంపెనీ పెట్టిననాడు రాయించిన కోడు. సాఫ్ట్‌వేర్ అని మొదలెట్టి ఇప్పుడు మనుషుల్ని సప్లై చేస్తున్నవాళ్లకీ పాత కోడే ఉంది.

సరే అని వెబ్‌సైట్లలో ‘మా గురించి’ పేజీ లాంగ్వేజ్ మోడల్‌కిచ్చి, ఎన్ఐసీ 2008 (ప్రభుత్వ పరిశ్రమల వర్గీకరణ) కోడు అడిగా. హార్బర్ దగ్గర ఓడల ఇంజిన్లు బాగుచేసే ఆయన పేరులో ‘మెరైన్’ ఉందని చేపల వేటలో పడేసింది. ఒక రొయ్యల కంపెనీ సైటు నిండా ‘ఎగుమతి’ అనే ఉంటే హోల్‌సేల్ అని 46 వేసింది. ఆ ప్లాంటుకి నేను వెళ్లాను. గమ్‌బూట్లు తొడిగి, క్లోరిన్ నీళ్లలో నడిపించి లోపలికి పంపారు. బల్లల పొడుగునా ఆడవాళ్లు నిలబడి రొయ్యల తలలు తీస్తున్నారు. అది 1020, అంటే చేపలు, రొయ్యల ప్రాసెసింగ్, కాక మరేంటి? కొన్నిటికైతే పుస్తకంలోనే లేని కోడు, అదీ ఎంత ధీమాగానో!

సీతమ్మధార:
కోడు నోటికి చెప్పమంటే అలాగే చెబుతుంది. అయిదంకెల కోడ్లే మొత్తం 1,304 ఉన్నాయి మరి. వివరణలు దగ్గరగా ఉన్న పది కోడ్లు ముందే వెతికి, వాటిలోంచి ఏరమనండి. ఏదీ కుదరకపోతే ‘తేలలేదు’ అనే వీలివ్వండి. కంపెనీ పేరు కొట్టేసి ఇస్తే మెరైన్ గోల ఉండదు.

పాత సర్వే మనిషి:
బాబూ, మేం సర్వేలకి తిరిగేటప్పుడు ‘ఏం చేస్తారు’ అంటే ‘బిజినెస్’ అనేవారు. అందుకే ఏం కొంటారు, ఏం అమ్ముతారు, మధ్యలో ఏం చేస్తారు అని విడివిడిగా అడిగేవాళ్లం. కోడు తేలేది ఆ ‘మధ్యలో’నే. మోడల్‌నీ ముందు ఆ మూడూ రాయమను, కోడు తర్వాత. ఇంకోటి, మోడల్ జవాబు చూడకుండా ఓ రెండొందలు చేత్తో వేసుకో. తప్పులు అటూ ఇటూ పోతే సర్దుకోవచ్చు. అన్నీ తయారీలోంచి వ్యాపారానికే పోతే, విశాఖలో ఫ్యాక్టరీలే తగ్గిపోయాయని రాసేస్తావు.

ఎంవీపీ కాలనీ:
మీరన్నట్టే పేర్లు తీసి, మూడు ప్రశ్నలూ పెట్టి నలభై నడిపానండీ. రొయ్యలాయన 1020కి, ఇంజిన్లాయన యంత్రాల మరమ్మతు 3312కి వచ్చేశారు. ఆటోనగర్ వర్క్‌షాపు ఒకటే మిగిలింది. వాళ్ల సైటులో ‘అండర్ కన్‌స్ట్రక్షన్’ అన్న ఒక్క ముక్కే ఉంది. నిర్మాణ రంగం అంది.