అప్‌డేట్: రోటరీ మీద స్టీలు సీసాపై పేరు కుదించుకుపోయే సమస్య తీరింది

పేర్లు చెక్కే లేజర్ యంత్రానికి రోలర్ రోటరీ (గుండ్రటి వస్తువును రోలర్ల మీద తిప్పే పరికరం) బిగిస్తే, స్టీలు సీసా మీద 50 మి.మీ. రావలసిన పేరు 14 మి.మీ.కే కుదించుకుపోతోందని రెండు వారాల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

‘రోలర్‌నే కొలిచి చూడండి’ అన్న సలహాయే పని చేసింది. సాఫ్ట్‌వేర్‌లో రోలర్ వ్యాసం అడిగిన చోట నేను సీసా వ్యాసం 73 ఇచ్చాను. కొలిస్తే రోలర్ 20 మి.మీ. మాత్రమే. ఆ అంకె ఇవ్వగానే పేరు పూర్తి కొలతకు వచ్చింది! రోలర్ అంచు ఎంత కదిలితే సీసా ఉపరితలమూ అంతే కదులుతుంది కాబట్టి సీసా లావుతో ఇక్కడ పని లేదు. వస్తువును పట్టుకుని నేరుగా తిప్పే చక్ రోటరీ అయితే మాత్రం వస్తువు వ్యాసం తప్పనిసరి.

ఆ తరువాత కూడా చివరి అక్షరాలు కాస్త పక్కకు జరిగేవి. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో మోటార్లు బాగుచేసే ఒక పెద్దాయనకు వీడియో చూపిస్తే, నున్నటి సీసా రోలర్ మీద జారుతోందని వెంటనే పట్టేశారు. సీసాలో నీళ్లు నింపి బరువు పెంచి, త్వరణం సగానికి తగ్గించాను. జారడం ఆగింది.

ఫోకస్, బెల్టు బిగువులకు దీనితో సంబంధం లేదు. కొత్త మోటారు డ్రైవర్ (మోటారును నడిపే సర్క్యూట్) కూడా అవసరం పడలేదు.

యంత్రం వై అక్షం (ముందువెనుకల కదలిక) మోటారు తీగను రోటరీకి మార్చే ముందు దయచేసి కరెంటు ఆపండి, లేకపోతే డ్రైవర్ కాలిపోవచ్చు.