లైవ్‌లో పాట విన్నాక మీలో ఏమైనా మారిందా? వైజాగ్ వాళ్లు చెప్పండి

మద్దిలపాలెం_మూర్తి:
ఫోన్లో పొద్దస్తమానం పాటలు మోగుతూనే ఉంటాయి, ఒక్కటీ మనసుకెక్కదు. ఈమధ్య మా బావమరిది కళాభారతిలో కచేరీకి బలవంతాన లాక్కెళ్లాడు. తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలయ్యాక మృదంగం ఆయన చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది, అయినా మొహంలో నవ్వు చెదరలేదు. అప్పట్నుంచీ ఆఫీసు నుంచి రాగానే టీవీ ముందు కూలబడాలంటే ఏదోలా ఉంది. మీకెవరికైనా ఇలా అయిందా?

సీ_షిఫ్ట్:
నాకు త్యాగరాజ ఆరాధన. అందరూ కలిసి పాడే ఆయన పంచరత్న కీర్తనలు ఐదూ ఆది తాళమే కాబట్టి పాడటం రాకపోయినా తాళం వేస్తూ కూర్చోవచ్చు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ-విసురు రెండుసార్లు. నాట రాగంలో మొదలెట్టి శ్రీరాగం ‘ఎందరో మహానుభావులు’ దాకా వచ్చేసరికి అరచెయ్యి ఎర్రబడిపోతుంది. పక్కాయన ఎవరో తెలీదు, చిటికెన వేలు మాత్రం ఇద్దరం ఒకేసారి లెక్కపెడతాం. ఇప్పుడు నైట్ డ్యూటీ దిగి పడుకునే ముందు సరళీ స్వరాలు, అదే సంగీతంలో మొదటి పాఠాలు, పాడుకుంటున్నా. రిటైరయ్యే వయసులో ఇదేం పిచ్చని మా ఆవిడ గోల.

బీచ్‌రోడ్_బాధితుడు:
ఒక్క కచేరీకి బతుకు మారిపోతుందంటే నేను నమ్మనండీ. ఆర్కే బీచ్‌లో స్పీకర్ల పక్కన నిలబడి వస్తే నాకు మిగిలింది చెవుల్లో హోరు. బండి బయటికి తీసేసరికి అర్ధరాత్రి!

బురుజుపేట_బుల్లోడు:
స్పీకర్ల కాడ ఏటుంటాది బాబూ! తప్పెటగుళ్లు చూసినారా? గుండెల మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు. ఆడేవోడి ఊపిరి కూడా ఇనిపిస్తాది. మా చిన్నమ్మ పోయాక చిన్నాన్న గుమ్మం దిగనేదు. ఊరి సంబరానికి ఎలాగో తీసుకెళ్తే కాసేపటికి ఆయనే లేచి అడుగు కలిపినాడు. బాధ పోనాదని కాదు. మర్నాడు తనే పొలం కాడికెళ్లినాడు, అదీ సంగతి.

వయొలిన్_అమ్మ:
మా అమ్మాయి తప్పులు పోతున్నాయని వయొలిన్ మానేస్తానంది. విజయనగరంలో ఒక కచేరీకి తీసుకెళ్లా. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు, వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన చోటు. అక్కడ పక్కవాద్యం ఆయనకి కీర్తన మధ్యలో తీగ తెగింది. ఆయన కంగారుపడలేదు. సంచిలోంచి కొత్తది తీసి బిగించి, చెవి దగ్గర మెల్లగా మీటి శ్రుతి చేసుకుని, చరణంలో కలిసిపోయాడు. గాయని ఆపనే లేదు. రికార్డింగుల్లో ఇలాంటివి కోసేస్తారుగా, పిల్లకేం తెలుస్తుంది? ఇప్పుడు తప్పు పోయినా ఆపకుండా వాయిస్తోంది.

మద్దిలపాలెం_మూర్తి:
బాధితుడు గారూ, ఈసారి మైకులు తక్కువున్న చోటికి రండి, నాతోనే. ఇంతకీ మా వైపు పెద్దవాళ్లకి మృదంగం నేర్పేవారెవరైనా ఉన్నారా?

సీ_షిఫ్ట్:
కళాభారతిలో అడగండి, ఎవరో ఒకరు చెప్తారు. ఎడమవైపు మూతకి బొంబాయి రవ్వ ముద్ద పెట్టాలి, ఇంట్లో ఉప్మాకి ఉంచమని ముందే ఒప్పందం చేసుకోండి.